లాక్‌డౌన్ పెట్టకపోతే మా దుకాణం నిలబడేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కరీంనగర్‌లో మీ నాన్నకు బట్టల దుకాణం ఉండేది. 2020లో కరోనా లాక్‌డౌన్‌కు రెండు నెలలు షట్టర్ దించారు. మళ్ళీ తెరిచాక గిరాకీ రాలేదు. 2021లో రెండోసారి మూసినప్పుడు ఇక నడపలేక స్టాకుతో సహా వేరేవాళ్ళకు ఇచ్చేశారు. అసలు లాక్‌డౌన్ పెట్టకుండా ఉంటే దుకాణం మిగిలేదా, మళ్ళీ అలాంటి రోగం వస్తే ప్రాణాలూ వ్యాపారాలూ రెండూ దక్కే దారి ఉందా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు, ఆర్థికవేత్తనూ కాదు. హనుమకొండలో ఇరవై ఎనిమిదేళ్ళుగా దుకాణదారులకు లెక్కలు రాసి రిటర్నులు వేసే మనిషిని. సేల్స్ టాక్స్ చూశాను, వ్యాట్ చూశాను, ఇప్పుడు జీఎస్టీ. బీట్ బజార్ కిరాణం హోల్‌సేల్ వాళ్ళ దగ్గర్నుంచి నర్సంపేట, పరకాల, జమ్మికుంట ఎరువుల షాపుల దాకా నూటికి పైగా ఖాతాలు నా దగ్గరున్నాయి. ఎవరి గల్లాలో ఏ నెల ఎంత పడిందో వాళ్ళ ఇంట్లోవాళ్ళకంటే ముందు నాకే తెలుస్తుంది. ఇక మా వదిన ఏఎన్ఎం, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో అన్నాల దగ్గర నడిచిన గొడవ మీరు అడిగిన ఈ ప్రశ్నే. నేను గల్లా పక్షం, ఆమె థర్మామీటర్ పక్షం. చివరికి ఇద్దరం ఒక చోటికే వచ్చాం, కానీ అది చాలా ఆలస్యంగా.

సూటిగా చెప్తాను. లాక్‌డౌన్ లేకపోయినా ఆ ఏడాది మీ దుకాణంలో గిరాకీ ఉండేది కాదు. కానీ దుకాణం అమ్ముకోవాల్సిన గతి మాత్రం తప్పించగలిగేవాళ్ళం. ముందు రోగాన్ని దించాలి, అందులో నాకు ఇప్పుడు అనుమానం లేదు. అందుకోసం ఊరంతటికీ తాళం అక్కర్లేదు, రోగం పట్టుకునే చోట్లకు వేస్తే చాలు. ఎవరిని ఇంట్లో కూర్చోమంటామో వాళ్ళకు ఆ రోజుల డబ్బు ముందే చేతిలో పెట్టాలి. ఈ చివరిది చేయకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉంటాయి.

గిరాకీ ఎందుకు ఉండేది కాదంటున్నానో చెప్తాను. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. జనతా కర్ఫ్యూ మార్చి 22న, రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటన ఆ సాయంత్రమే. అంటే మధ్యలో మూడు వారాలు దుకాణాలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. నా దగ్గరున్న హోటళ్ళు, క్యాటరింగ్ వాళ్ళ పుస్తకాల్లో మాత్రం మార్చి రెండో వారానికే అమ్మకాలు సగం అయ్యాయి. అప్పటికి హోటళ్ళను ఎవరూ మూయమనలేదు. జనమే రాలేదు. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 ఉగాది రోజు. మీ నాన్నకు ఆ సంవత్సరం పంచాంగ శ్రవణం బాగా గుర్తుండే ఉంటుంది.

అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన గూల్స్‌బీ, సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్నే సెల్‌ఫోన్ కదలికలతో లెక్క కట్టారు. పక్కపక్కనే ఉండి ఒకచోట ఆంక్షలున్న, ఇంకోచోట లేని ప్రాంతాలను పోల్చారు. దుకాణాలకు వెళ్ళేవాళ్ళు మొత్తం 60 శాతం తగ్గితే, అందులో ప్రభుత్వ ఆర్డర్ల వల్ల తగ్గింది 7 పాయింట్లేనని తేలింది. మిగతాదంతా భయం. ఇక్కడ లెక్క అలాగే ఉంటుందని నేను అనను. అక్కడ చౌరస్తాలో లాఠీ పట్టుకుని నిలబడ్డ పోలీసు లేడు, ఇక్కడ ఉన్నాడు. అయినా దిశ అదే.

జూన్‌లో తెరిచాక ఏమైందో చూడండి. జేపీఎన్ రోడ్డులో నా క్లయింట్ ఒకాయనది పెళ్ళి బట్టల షోరూం. మామూలుగా ఒక పెళ్ళి పార్టీ అంటే ఇరవై మంది వస్తారు, పొద్దున పదికి మొదలుపెడితే సాయంత్రం దాకా కూర్చుంటారు. ఆ జూన్‌లో వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు. పెళ్ళికూతురి పట్టుచీర ఒకటి, తల్లిది ఒకటి తీసుకుని గంటలో బిల్లు కట్టి వెళ్ళిపోయారు. పెళ్ళికి 50 మందికి మించి పిలవకూడదన్నప్పుడు పెట్టుడు చీరలు ఎవరికి? బట్టల దుకాణానికి లాభం పట్టుచీర మీద కంటే ఆ మూడు వందలు, నాలుగు వందల పెట్టుడు చీరల కట్టల మీదే ఎక్కువ. షాపు తెరవడానికి పర్మిషన్ ఉంది, అమ్మకానికి లేదు. మీ నాన్నను అడగండి, ఇదే చెప్తారు.

దేశం మొత్తం మీద కూడా ఇదే కథ. జీఎస్టీ వసూళ్ళు 2019 ఏప్రిల్‌లో 1,13,865 కోట్లు ఉంటే 2020 ఏప్రిల్‌లో 32,172 కోట్లు. (ఒక చిన్న మాట: ఏప్రిల్‌లో కట్టేది మార్చి అమ్మకాల పన్ను. ఆ ఏడాది గడువులు కూడా పెంచారు కాబట్టి ఈ అంకెను అచ్చంగా అమ్మకాల అంకెగా తీసుకోకండి. టీవీలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.) ఏప్రిల్, మే, జూన్ కలిపి దేశ జీడీపీ 23.9 శాతం పడిపోయిందని మొదటి అంచనా వచ్చింది. ఆ మూడు నెలల్లో పెరిగిన పెద్ద రంగం వ్యవసాయం ఒక్కటే, 3.4 శాతం. దాని సంగతికి మళ్ళీ వస్తాను, మన జిల్లాల వరకు నాకు దొరికిన అసలు పాఠం అందులోనే ఉంది.

మరి దుకాణాన్ని చంపింది ఏది? అప్పుల చక్రం. మీ నాన్నది కూడా అదే అయ్యుంటుందని నా అంచనా. పెళ్ళిళ్ళ సీజన్ కోసం ఫిబ్రవరిలో సూరత్ నుంచి సరుకు దించుతారు, అరవై రోజులకో తొంభై రోజులకో డబ్బు కట్టాలి. మార్చిలో షట్టర్ పడింది. మే నెలకల్లా సూరత్ ఏజెంటు ఫోన్లు. షాపు కిరాయి ఆగదు. ఇద్దరు గుమాస్తాలకు సగం జీతమైనా ఇవ్వాలి. ఊళ్ళో ఉద్దెర తీసుకున్నవాళ్ళు ఫోన్ ఎత్తరు. గల్లాలోకి వచ్చే దారి మూశారు కానీ పోయే దారులన్నీ తెరిచే ఉంచారు. తొట్టికి నల్లా కట్టేసి అడుగున బెజ్జం వదిలేసినట్టు.

దీనికి ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. చేశారు, అయితే ఆ చేసింది ఎవరికి అందిందో చూడాలి. రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు కిస్తీలకు మారటోరియం, అంటే తర్వాత కట్టుకోవచ్చనే వాయిదా ఇచ్చింది. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. నా దగ్గరికొచ్చిన ఒక టాటా ఏస్ ఓనరు మూడు లక్షల బాకీ మీద ఆరు నెలలూ కట్టలేదు. పన్నెండు శాతం వడ్డీ, నెలకు మూడు వేలు. చక్రవడ్డీతో కలిపి ఆరు నెలల్లో 18,456 రూపాయలు బాకీకి చేరింది. తర్వాత కేంద్రం వడ్డీ మీద వడ్డీ తిరిగిస్తామంది, ఇచ్చింది కూడా. అతని ఖాతాలో ఎంత పడిందో తెలుసా? 456 రూపాయలు. ఆ మెసేజ్ నాకు చూపించి "ఇది ఏం డబ్బు సార్" అని అడిగాడు. లెక్క సరైనదే. దాన్ని అతనికి వివరించడానికే నాకు నోరు రాలేదు.

హామీ లేకుండా ఇచ్చిన అత్యవసర రుణాలదీ అదే తీరు. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉందో అందులో 20 శాతం కొత్తగా ఇచ్చారు. పది లక్షల బాకీ ఉన్న నా క్లయింట్‌కు రెండు లక్షలు వచ్చాయి, దాంతోనే గట్టెక్కాడు. ఆ పథకం మంచిదని ఇప్పటికీ అంటాను. కానీ అతని పక్క షాపాయన ఎన్నడూ బ్యాంకు మెట్లెక్కలేదు. చిట్టీ పాడుకోవడం, మూడు రూపాయల వడ్డీకి చేబదులు తేవడం, అదే అతని బ్యాంకు. పాత బాకీ సున్నా కాబట్టి కొత్త రుణం కూడా సున్నా. అప్పు లేకుండా బతికినందుకు శిక్ష పడినట్టయింది. తోపుడు బండ్లవాళ్ళకు జూన్‌లో పది వేల రుణం పథకం వచ్చింది, అది నయం. బండివాడికీ, బ్యాంకు లిమిట్ ఉన్నవాడికీ మధ్యలో ఉన్న చిన్న దుకాణదారుడే ఎటూ కాకుండా పోయాడు. మీ నాన్నది ఏ కోవో నాకు తెలియదు, ఈ మూడో కోవే అయితే ఆశ్చర్యపోను.

ఇప్పుడు ఆంక్షల సంగతి.

2021 మే 12 నుంచి మన దగ్గర రెండో లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు. నా అభిప్రాయంలో ఆ నాలుగు గంటల పద్ధతే అన్నిటికంటే చెడ్డది. పద్నాలుగు గంటల్లో విడివిడిగా వచ్చే ఊరంతా నాలుగు గంటల్లో మీద పడింది. బీట్ బజార్‌లో ఏడున్నరకు నిలబడితే ముందున్న మనిషి చెవి వెనక చెమట కనిపించేది. పది కొట్టేసరికి పోలీసు సైరన్, అందరూ ఒకరినొకరు తోసుకుంటూ షట్టర్ల కింద నుంచి సరుకు లాక్కోవడం. దూరం పాటించమని మైకులో చెప్తూనే గుంపును తయారుచేశాం. మే 31 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, జూన్ 10 నుంచి సాయంత్రం ఐదు దాకా పెంచారు. పెంచిన వారంలోనే రద్దీ పలచబడింది. జూన్ 20కి మొత్తం ఎత్తేశారు. కాబట్టి సమయం తగ్గించడం కంటే పెంచడమే మేలు, కిరాణానికీ కూరగాయలకూ మరీను. ఇది మా వదిన కూడా ఒప్పుకున్న మొదటి పాయింటు.

రెండోది, ఏది మూయాలి? జపాన్‌వాళ్ళు 2020 మొదట్లోనే మూడు మాటలు పట్టుకున్నారు: గాలి ఆడని గది, గుంపు, దగ్గరగా మాట్లాడుకోవడం. మూడూ ఒకచోట కలిస్తే ప్రమాదం. ఈ గీటురాయి మీద పెడితే మూయాల్సింది ఏసీ ఫంక్షన్ హాలు, బార్, కోచింగ్ సెంటర్. తెరిచి ఉంచాల్సింది సైకిల్ రిపేరు, నర్సరీ, ఇటుక బట్టీ, ఆరుబయట కూరగాయలు. మనం ఏం చేశాం? 2020 మే 6న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి, ఆ రోజు లైన్లు మీరూ చూసే ఉంటారు. అదే వారంలో చౌరస్తాలో చెప్పులు కుట్టే అతన్ని గొడుగు తీసేయమన్నారు. ఖజానాకు ఏది కావాలో అది తెరిచారు, ఇంతకు మించి దానికి వేరే వివరణ నాకు దొరకలేదు.

ఇక రంగుల జోన్లు. 2020 మే మొదట్లో వరంగల్ అర్బన్ జిల్లా రెడ్ జోన్, వరంగల్ రూరల్ గ్రీన్ జోన్. ఆలోచన మంచిదే, రోగం లేని చోట పని సాగాలి కదా. కానీ నా క్లయింట్ ఒకాయన షాపు సిటీలో, గోదాము గీసుకొండ వైపు. షాపు రెడ్, గోదాము గ్రీన్. గోదాములో పని చేయొచ్చు, హమాలీలు మాత్రం రోజూ సిటీ నుంచే రావాలి. బతుకు ఒకటే, మధ్యలో జిల్లా గీత. జోన్ గీయాల్సింది జనం రోజూ తిరిగే దారులను బట్టి. జిల్లా మ్యాపును బట్టి గీస్తే ఇలాగే ఉంటుంది.

వ్యవసాయానికి వస్తానన్నాను కదా. 2020 యాసంగి వడ్లు కోతకొచ్చే వేళకు వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మూతపడింది. మామూలు రోజుల్లో అక్కడ పొద్దున జెండా పాటకు (సరుకు వేలానికి) అడ్తిదారులు, ఖరీదుదారులు, రైతులు, తూకం వేసే దడ్వాయిలు, హమాలీలు ఎంతమంది ఒకరి భుజాన ఒకరు నిలబడతారో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అది మూయడం సరైనదే. మిర్చి రైతులు పంటను కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకున్నారు. వడ్లకు మాత్రం ప్రభుత్వం కొనుగోలు కేంద్రాలను ఊళ్ళలోకే తీసుకెళ్ళింది. ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు టోకెన్లు రాసిచ్చాయి, ఎవరి నంబరు ఏ రోజో ఆ రోజే కల్లం దగ్గరికి రావాలి. ఏ గ్రేడ్ వడ్లకు క్వింటాలుకు 1,835 రూపాయలు. తరుగు పేరిట మిల్లుల దగ్గర కోతలు పడ్డాయని రైతులు తిట్టుకున్నారు, గన్నీ సంచులు దొరకలేదు, మిల్లుల్లో పనిచేసే బీహార్ హమాలీలు సొంతూళ్ళలో ఉండిపోయారు. దేశమంతా వలస కూలీలు వెనక్కి పోతున్న ఆ మే నెలలోనే బీహార్‌లోని ఖగడియా నుంచి మిల్లు హమాలీలతో ఒక రైలు ఎదురు దిక్కున తెలంగాణకు వచ్చింది. అంత కష్టం మీద నడిపారు కానీ నడిపారు.

నా పుస్తకాల్లో దాని జాడ జూన్‌లో కనిపించింది. హనుమకొండ, వరంగల్ షాపులు ఇంకా మూలుగుతుంటే పరకాల, నర్సంపేట వైపు ఎరువులు, హార్డ్‌వేర్, కిరాణం మామూలు స్థాయికి దగ్గరగా వచ్చేశాయి. ఒక సిమెంటు డీలరుకైతే పాత సంవత్సరం జూన్ కంటే ఎక్కువ అమ్మకం. వడ్ల డబ్బు ఖాతాల్లో పడింది, పెళ్ళిళ్ళ ఖర్చు లేదు, ఆ డబ్బుతో గోడలు లేచాయి. గుంపును విడగొట్టారు, పనిని ఆపలేదు, డబ్బు సమయానికి ఇచ్చారు. ఇదే బుద్ధి మిగతా పనులకు ఎందుకు పెట్టలేకపోయామని మా వదినను అడిగితే, "రైతుకు ఓటుంది గద" అని నవ్వింది. నేను దానికి అంత తేలిగ్గా ఒప్పుకోను. రైతు సరుకుకు ప్రభుత్వమే కొనుగోలుదారు, ఆ యంత్రాంగం అప్పటికే ఉంది. మీ నాన్న చీరలకు ఆ కొనుగోలుదారు లేడు.

సిరిసిల్లకు మాత్రం ఉన్నాడు. సాంచాలు (మరమగ్గాలు) ఆగిపోయి వాటిని నడిపించే ఆసాములు, కార్మికులు ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు బతుకమ్మ చీరల ఆర్డరు ఒక దన్ను అయింది. అప్పటికే 2017 నుంచీ నడుస్తున్న పథకమే. కానీ బీడీ కార్మికుల సంగతి చూడండి. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఆడవాళ్ళు ఇంటి అరుగు మీద ఒక్కరే కూర్చుని చుట్టే పని అది. ఆకు, తంబాకు తెచ్చుకోవడానికీ, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికీ తప్ప గుమిగూడేది లేదు. ఆ రెండింటికీ గల్లీలవారీగా రోజులు పంచితే సరిపోయేది. దాన్నీ ఆపేశారు. ఇంట్లో ఉండి చేసే పనిని ఇంట్లో ఉండమని చెప్పి ఆపడం!

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదంతా ఒడ్డున కూర్చుని చెప్పినట్టుంటుంది.

2021 ఏప్రిల్ 17, శనివారం. ఒళ్ళు వెచ్చగా ఉంది, గొంతులో గరగర. 20వ తారీఖు త్రీబీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్ గడువు. నా ఆఫీసు పన్నెండు బై పద్నాలుగు గది, ఏసీ, దుమ్ము రాకుండా కిటికీకి అద్దం. నాతో పాటు ముగ్గురు పిల్లలు పనిచేస్తారు. టెస్టు చేయించుకుంటే పాజిటివ్ అంటారు, గడువు పోతుంది, క్లయింట్లకు లేట్ ఫీజు. డోలో వేసుకుని మూడు రోజులు ఆ గదిలోనే కూర్చున్నాను. 21న టెస్టు, పాజిటివ్. 24కల్లా ముగ్గురిలో ఇద్దరికి జ్వరం, ఒకరి ద్వారా వాళ్ళ అమ్మకు. ఆమె పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడింది. నేను ఇప్పటికీ వాళ్ళింటి ముందు నుంచి వెళ్తే బండి స్లో చేయను, ఆమె పిలిచి చాయ్ ఇస్తుందేమోనని. ఆఫీసు ఇరవై రెండు రోజులు మూతపడింది. మూడు రోజులు మిగుల్చుకుందామనుకుంటే ఇరవై రెండు పోయాయి. ఇంకా చేదు సంగతేంటంటే, మే 1న కేంద్రం ఆ నెల లేట్ ఫీజు మాఫీ చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ మాట ఏప్రిల్ 15న చెప్పి ఉంటే నేను శనివారమే ఇంటికి వెళ్ళేవాణ్ణి.

రోగం ముందా వ్యాపారం ముందా అన్న వాదన నా మటుకు ఆ రోజుతో ముగిసింది. రోగం ఉన్నవాడు పనిలోకి వస్తే వ్యాపారమే ముందు మునుగుతుంది. కానీ అతను ఎందుకు వస్తున్నాడో కూడా చూడాలి. నాకంటే గడువు భయం. కూలీకి?

మా వదిన మాటల్లో చెప్తాను. ఆ మే నెలలో ఇంటింటి జ్వర సర్వే చేశారు. ఆశా కార్యకర్తతో కలిసి రోజుకు ఎన్ని గడపలో తిరిగేది. "జరమున్నదా అంటే లేదంటరు. లోపలికెల్లి దగ్గు ఇనవడ్తనే ఉంటది. ఎన్కకు వస్తె పక్కింటోళ్ళు చెప్తరు, మూడొద్దులాయె లేవక అని." ఎందుకు దాస్తారంటే, పేరు రాస్తే పద్నాలుగు రోజులు కదలనివ్వరని. కదలకపోతే పొయ్యి వెలగదు. మొదటి నాలుగు రోజులు ఆమెకు ఎవరూ నిజం చెప్పలేదు. ఐదో రోజు నుంచి అడిగే వరస మార్చింది. ముందు "ఇంట్ల బియ్యమున్నయా, గ్యాసున్నదా" అని అడిగేది. లేవన్నవాళ్ళ పేర్లు వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టేది, వీధిలోని దుకాణదారులే సరుకు పంపేవాళ్ళు. ఆ తర్వాత జ్వరం సంగతి అడిగితే వాళ్ళంతట వాళ్ళే చెప్పేవారట. జ్వరమున్నవాళ్ళకు ఇచ్చే మందుల కిట్టులోని గోలీల కంటే ముందు బియ్యం సంచి పనిచేసింది.

2020లో తెల్లకార్డుకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చారు. బియ్యం నిజంగా ఆదుకుంది. 1,500 మాత్రం, ఒక హమాలీ మూడు నాలుగు రోజుల సంపాదన. నా లెక్కలో అందరికీ కొంచెం కొంచెం పంచడం కంటే, జ్వరం ఉన్న ఇంటికి ఆ పద్నాలుగు రోజుల కూలీ పూర్తిగా ఇవ్వడం చవక. ఊళ్ళో ఒక నెలలో వంద మందిలో ఎంతమందికి జ్వరం వస్తుంది? మిగతా వాళ్ళను పనిలో ఉండనివ్వొచ్చు కదా. దీన్ని దుర్వినియోగం చేస్తారని అంటారు. చేస్తారు, కొంతమంది. షట్టర్లన్నీ మూస్తే పోయే దానితో పోలిస్తే అది ఎంత?

మంచి పని జరిగినచోట కూడా చెప్పాలి. 2021 మే 28 నుంచి తెలంగాణలో రేషన్ డీలర్లు, కూరగాయల వాళ్ళు, ఆటోడ్రైవర్లు లాంటి రోజూ వందమందిని తాకే పనుల్లో ఉన్నవాళ్ళకు ముందుగా టీకాలు వేశారు. పేరు మాత్రం సూపర్ స్ప్రెడర్లు అని పెట్టారు, ఎంత అవమానం! నా క్లయింట్ కిరాణం సేటు "నన్ను రోగం పంచేటోడంటున్రు" అని వారం రోజులు అలిగాడు. పేరు పక్కన పెడితే పని భేష్. ఎవరు ఇంట్లో కూర్చోలేరో వాళ్ళకు ముందు కవచం ఇవ్వడం. అదే ఏప్రిల్ మొదట్లో చేసి ఉంటే ఇంకా ఎంతమంది దక్కేవారో. అప్పుడేమో వయసు లెక్కన 45 దాటినవాళ్ళకే ఇస్తున్నారు. ఆటో నడిపేవాళ్ళలో చాలామంది ఆ వయసు లోపే.

కొన్ని మెలికలు కూడా చెప్పాలి, నా మాట పూర్తిగా నమ్మి ఎవరితోనైనా వాదనకు దిగేముందు.

2020 లాక్‌డౌన్ మన జిల్లాలకు తొందరగా వచ్చింది, ఎక్కువ రోజులు సాగింది అని నా నమ్మకం. దేశంలో మొదటి అల పైకెక్కింది సెప్టెంబరులో. మనం కేసులు లేనప్పుడు మూసి, పెరుగుతున్నప్పుడు తెరిచాం. 2021లో తిరగబడింది. దేశంలో రోజుకు నాలుగు లక్షల కేసులు దాటిన రోజులు మే మొదటి వారం, మన లాక్‌డౌన్ మే 12. కానీ ఇది వెనక్కి తిరిగి చూసి చెప్తున్న తెలివి. 2020 మార్చిలో ఈ రోగం ఏమిటో ఎవరికీ తెలియదు, పీపీఈ కిట్లు లేవు, పడకలు లేవు. ఆ రెండు నెలలు ఆసుపత్రులకు ఊపిరి తీసుకునే టైం ఇచ్చాయని మా వదిన అంటుంది. నేను కాదనలేను. వరంగల్ ఎంజీఎం లాంటి ఒక్క పెద్ద ప్రభుత్వాసుపత్రి మీద చుట్టూ ఇన్ని జిల్లాలు ఆధారపడ్డప్పుడు, పడకలు నిండాయంటే ఏ దుకాణం తెరిచినా ఒకటే. అప్పుడు మూయాల్సిందే, గట్టిగా, కొద్ది రోజులు.

ఇంకొకటి. నేను చెప్పినదంతా పెద్దవాళ్ళను ఎక్కువగా, పిల్లలను తక్కువగా పట్టుకున్న రోగం గురించి. తర్వాతిది పిల్లల మీదికి వస్తే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. కరోనాలో మాత్రం బడులను అంతకాలం మూసి ఉంచడం నాకు మింగుడుపడదు. 2020 మార్చిలో మూసిన చిన్న తరగతులు రాష్ట్రంలో తెరుచుకున్నది 2021 సెప్టెంబర్ 1న. బార్లు అంతకంటే చాలా ముందే తెరిచారు. ప్రైవేటు టీచర్లకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. నాకు తెలిసిన ఒక లెక్కల సారు అప్పటికే ఏడాదిగా మామిడికాయల బండి పెట్టుకుని ఉన్నాడు. మంచి సారు, తూకంలో కూడా మోసం లేదు.

మీ రెండో ప్రశ్నకు, మళ్ళీ వస్తే ఏం చేయాలన్నదానికి, నా వరస ఇది. మొదటి వారంలోనే ఏసీ హాళ్ళు, గుంపు పెళ్ళిళ్ళు ఆపాలి. మార్కెట్లను మైదానాల్లోకి మార్చి టైం పెంచాలి. జ్వరమున్న ఇంటికి కూలీ డబ్బు, గడువులన్నిటికీ వాయిదా అదే రోజు ప్రకటించాలి. షట్టర్ దించమన్న రోజే కిరాయికీ, వడ్డీకీ కూడా బ్రేకు వేయాలి. అంటే ఆ నెలల వడ్డీ బాకీలో కలవకూడదు, దాన్ని ప్రభుత్వమో బ్యాంకో మోయాలి. ఇవన్నీ చేసినా రోగం పెరిగితే అప్పుడు పూర్తి లాక్‌డౌన్, రెండు మూడు వారాలు, ఎత్తే తారీఖు ముందే చెప్పి. దుకాణదారుడికి ఆ తారీఖు ఉంటే సూరత్ ఏజెంటుతో మాట్లాడుకోగలడు. "తదుపరి ఉత్తర్వుల వరకు" అని రాసిన కాగితంతో ఎవడితోనూ బేరమాడలేడు.

చివరగా మీకు పనికొచ్చే మాట ఒకటి, తమ్ముడూ. 2021లో దుకాణం ఇచ్చేశారన్నారు కదా. మీ నాన్న జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దుకు అప్లై చేశారా, రద్దయ్యాక మూడు నెలల్లో ఫైనల్ రిటర్న్ వేశారా? ఆ గందరగోళంలో చాలామంది షట్టర్ దించి ఊరుకున్నారు, పోర్టల్‌లో లెక్క మాత్రం ముగియలేదు. ఆయన పాన్ మీద మళ్ళీ ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు అదే అడ్డం పడుతుంది. లాగిన్ పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటే కంగారు పడకండి, అప్పట్లో ఆయన లెక్కలు రాసినవాళ్ళ దగ్గర యూజర్ ఐడీ ఉంటుంది. ముందు స్టేటస్ ఏముందో చూసి ఇక్కడే రాయండి, ఏం చేయాలో చెప్తాను.